కౌంటర్ కింద తుపాకీ: అమెరికాలో ఆ హక్కు మనవాళ్లలో ఎవరిది?

అమెరికాలో ఏ గ్యాస్ స్టేషన్‌లోనో మన కుర్రాడి మీద కాల్పులు జరిగాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరుగుతుంది. ‘టెక్సస్‌లో పర్మిట్ కూడా అక్కర్లేదట, ఒక పిస్టల్ కొని దగ్గర పెట్టుకోవచ్చుగా!’ సలహా ఇచ్చేది చాలాసార్లు సిటిజన్, కాకపోతే గ్రీన్‌కార్డు ఉన్నాయన. వినేది ఎఫ్-1 చదువు వీసా మీదో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదో ఉన్న కుర్రాడు. ఆయనకు హక్కయిన పని ఇతనికి ఫెడరల్ నేరం.

సలహాలో సగం నిజమే. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. 2024 నాటికే ఇలాంటి రాష్ట్రాలు 29 అయ్యాయి. 2022 జూన్‌లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో, తుపాకీ వెంట తీసుకెళ్లే క్యారీ పర్మిట్ కావాలంటే ప్రత్యేక అవసరం చూపాలన్న న్యూయార్క్ షరతును కొట్టేసింది. అయితే లైసెన్సు అక్కర్లేదన్న వెసులుబాటు, తుపాకీ పట్టుకునే అర్హత ముందే ఉన్నవాళ్లకు. అర్హత ఎవరికి లేదో చెప్పేది ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం. మన దగ్గర తుపాకీ అంటే కలెక్టరుకో పోలీసు కమిషనరుకో దరఖాస్తు, పోలీసు విచారణ, ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్. అడ్డంకి అంతా లైసెన్సు దగ్గరే చూసి పెరిగినవాళ్లం కాబట్టి ‘లైసెన్సు అక్కర్లేదు’ అంటే ‘ఎవరైనా పెట్టుకోవచ్చు’ అని వినిపిస్తుంది.

ఆ ఫెడరల్ నిషేధం సెక్షన్ 922(జి)(5)లో ఉంది. నాన్-ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండకూడదు. 1998 నుంచి ఇదే చట్టం. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-1బీవాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4, పిల్లల్ని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నల బి-2, అన్నీ ఇందులోకే వస్తాయి. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవై పదేళ్లుగా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నా, ఫ్రిస్కోలో సొంతిల్లు కొన్నా, హెచ్-1బీ హెచ్-1బీయే. 2022లో పెంచాక ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. వీసా సంగతి తెలిసీ తుపాకీ ఇచ్చిన స్నేహితుడిదీ, ‘కౌంటర్ కింద ఉంచుకో’ అని అప్పగించిన ఓనరుదీ కూడా నేరమే.

ఇక్కడే చాలామంది ‘హంటింగ్ లైసెన్సు తీసుకుంటే సరిపోతుందట’ అంటారు. నిజమే, చట్టంలో ఆ మినహాయింపు ఉంది. అమెరికాలో ఏ రాష్ట్రమైనా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే నాన్-ఇమిగ్రెంట్ కూడా తుపాకీ కొనొచ్చు. షాపులో నింపే 4473 ఫారంలో వీసా గురించిన ప్రశ్న ఉంటుంది, దాని వెంటే మినహాయింపు గురించి మరో ప్రశ్న ఉంటుంది, లైసెన్సు కాపీ జతచేస్తారు. కానీ వేట లైసెన్సుకు గడువుంటుంది. అది తీరిన మర్నాడు, బీరువాలో కదలకుండా ఉన్న అదే తుపాకీ నేరమవుతుంది. రెన్యూవల్ మర్చిపోతే లేటు ఫీజుతో పోయే వ్యవహారం కాదిది.

దీనికంటే పెద్ద ఊబి ఒకటుంది. 922(జి)(5)లో రెండు ముక్కలున్నాయి: ‘ఎ’ అంటే దేశంలో చట్టవిరుద్ధంగా ఉన్నవాళ్లు, ‘బి’ అంటే నాన్-ఇమిగ్రెంట్ వీసావాళ్లు. వేట లైసెన్సు మినహాయింపు ‘బి’కి మాత్రమే. తుపాకుల వ్యవహారం చూసే ఏటీఎఫ్ నిబంధనల ప్రకారం, స్టేటస్ నిలబెట్టుకోని, అంటే వీసా షరతులు తప్పిన నాన్-ఇమిగ్రెంట్ ‘ఎ’లోకి వెళ్లిపోతాడు. ఎఫ్-1 విద్యార్థికి సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని. బయట గ్యాస్ స్టేషన్‌లో అనుమతి లేకుండా నైట్ షిఫ్టు చేస్తే స్టేటస్ తప్పినట్టే. అంటే ఏ కుర్రాడికి తుపాకీ అవసరమని గ్రూపులో అందరూ అనుకుంటున్నారో, ఆ కుర్రాడికే వేట లైసెన్సు కూడా పనికిరాదు.

కాగితం మీది భయం అనుకోవద్దు. యూఏఈ నుంచి విద్యార్థి వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన రెహైఫ్ చదువులో తప్పాడు, యూనివర్సిటీ తొలగించింది. ఆ తర్వాత ఒక షూటింగ్ రేంజ్‌కు వెళ్లి రెండు తుపాకులతో సాధన చేశాడు. అంతే. ‘ఎ’ ముక్క కింద దోషిగా తేల్చి 18 నెలల జైలు వేశారు. 2019 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2తో అతని వాదన ఒప్పుకుంది: తాను నిషేధిత వర్గంలో ఉన్నానని నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలి. ఊరటే, కానీ ఇలాంటి కుర్రాళ్లకు దక్కేది కొంచెమే. తన వీసా ఎఫ్-1 అని తెలియనివాడెవరు? ‘చట్టం తెలియదు’ అన్నది వేరే మాట, అది కోర్టులో నిలవదు.

కాబట్టి వీకెండ్‌లో నలుగురూ కలిసి రేంజ్‌కు పోయి, అద్దె పిస్టల్‌తో పేల్చి, ఇన్‌స్టాలో ఫొటో పెట్టడం సరదాగా తీసుకునే పని కాదు. వేట లైసెన్సు లేకుండా అద్దె తుపాకీ పట్టుకున్నా ‘కలిగి ఉండటమే’. ఆ ఫొటో వీసా స్టాంపింగ్ వేళ ఎవరి కంటైనా పడొచ్చు. ఇంట్లో భర్త గ్రీన్‌కార్డు, భార్య హెచ్-1బీ అయితే ఇంకో చిక్కు. ఆమె చేత్తో ముట్టకపోయినా, సేఫ్ నంబరు తెలిసి, ఎప్పుడైనా తీసుకునే వీలుంటే తుపాకీ ఆమె అధీనంలోనూ ఉందని ప్రాసిక్యూటర్ వాదించగలడు. తాళం హక్కున్న ఒక్కరి దగ్గరే ఉండాలి.

హక్కున్నవాళ్లకైనా అది రాష్ట్రం గీత దాటేదాకే. టెక్సస్ గ్రీన్‌కార్డు ఆసామి పిస్టల్ కార్లో పెట్టుకుని న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చుట్టాలింటికి బయల్దేరాడనుకుందాం. న్యూజెర్సీలో పర్మిట్ లేని పిస్టల్ రెండో డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్లు, మామూలుగా అందులో 42 నెలలు పెరోల్ లేకుండా లోపలే. టెక్సస్‌లో ఆత్మరక్షణకు అందరూ వాడే, ముక్కు బోలుగా ఉండే హాలో పాయింట్ తూటాలు వెంట ఉంటే అక్కడ అదో విడి కేసు. తుపాకీ ఖాళీ చేసి, తాళం వేసి, డిక్కీలో పెట్టుకుంటే దారి మధ్య రాష్ట్రాల్లో ఫెడరల్ చట్టం కాపాడుతుంది. అయితే అది దాటిపోయేవాళ్లకు, అక్కడే దిగేవాళ్లకు కాదు. 2013లో ఫిలడెల్ఫియా మహిళ ఒకరు తమ రాష్ట్ర పర్మిట్ అక్కడా చెల్లుతుందనుకుని న్యూజెర్సీలో పోలీసుకు తానే తుపాకీ సంగతి చెప్పి అరెస్టయ్యారు. గవర్నర్ క్షమాభిక్ష పెట్టేదాకా ఆ కేసు వదల్లేదు. ఆమె అమెరికన్ కాబట్టి అంతటితో పోయింది. గ్రీన్‌కార్డువాళ్లకు ఆయుధ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదే కారణం.

టెక్సస్ లోపల కూడా లైసెన్సు తీసుకోవడమే మేలంటాను. స్కూలుకు 1,000 అడుగుల లోపల తుపాకీని నిషేధించే ఫెడరల్ చట్టం, ఆ రాష్ట్ర లైసెన్సు ఉన్నవాళ్లను వదిలేస్తుంది. పర్మిట్ అక్కర్లేదనుకుని తిరిగేవాళ్లను వదలదు. సబర్బుల్లో 1,000 అడుగులు అంటే స్కూలు పక్క రెండు మూడు వీధులు. ఫీజు 40 డాలర్లు. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, తర్వాత 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 తూటాల పరీక్ష. 250కి 175 వస్తే పాస్. నిజం చెప్పాలంటే కాస్త నిలకడ ఉన్న చేతికి కష్టమేమీ కాదు, ఆ పరీక్షతోనే నేర్చేసుకున్నామనుకోవడమే ప్రమాదం.

తుపాకీ ఉన్న ఇళ్లలో దొంగ కంటే ముందొచ్చే ప్రమాదం శుభ్రం చేసే టేబుల్ దగ్గర ఉంటుంది. గ్లాక్ లాంటి పిస్టళ్లకు పక్కన సేఫ్టీ మీట ఉండదు. పైగా పైభాగాన వెనక్కీ ముందుకీ జరిగే స్లైడు విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్ తీసేశాం కదా, ఖాళీ అనుకుంటాడు కొత్తవాడు. గొట్టం వెనక తూటా కూర్చునే ఛాంబర్‌లో ఒక తూటా మిగిలే ఉంటుంది. రెండో పొరపాటు, ముందు స్లైడు లాగి తర్వాత మ్యాగజైన్ తీయడం. లాగినప్పుడు పాత తూటా కింద పడుతుంది, వదలగానే మ్యాగజైన్‌లోంచి కొత్తది లోపలికెక్కుతుంది. కింద పడ్డ తూటాను చూసి ధైర్యం వస్తుంది, అదే మోసం. గొట్టం మనుషుల వైపు ఉండకూడదు, వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. ముందు మ్యాగజైన్ బయటికి, తర్వాత స్లైడు రెండు మూడుసార్లు లాగి వెనక్కి ఆపి, ఛాంబర్‌ను కళ్లతో చూసి, చిటికెన వేలితో తడమాలి. తూటాలు వేరే గదిలో ఉండాలి.

ఇక కౌంటర్ సంగతి. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగులు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లోనే రాశాడు. క్యాష్ కౌంటర్ వెడల్పు మూడడుగులు. దోపిడీకి వచ్చినవాడి తుపాకీ అప్పటికే చేతిలో ఉంటుంది. చొక్కా కిందినుంచి పిస్టల్ తీసి గురిపెట్టడానికి సాధన ఉన్నవాళ్లకే సుమారు ఒకటిన్నర సెకను. ఈ లెక్క ఎలా వేసినా కుర్రాడి వైపు తేలదు. ఇంట్లో రాత్రి తలుపు బద్దలు కొడుతుంటే సంగతి వేరు, అక్కడ మధ్యలో గోడ ఉంటుంది, కొన్ని క్షణాలు దొరుకుతాయి. బీరు కేసు ఎత్తుకుపోయేవాడి వెంటపడి కాల్చడం మరీ వేరు. రాత్రి దొంగతనం విషయంలో టెక్సస్ చట్టం కొన్ని షరతులతో వెసులుబాటు ఇస్తుంది, చాలా రాష్ట్రాల్లో అది హత్య కేసు.

దుకాణంలో ఏం చేయాలో ఫ్లోరిడా చట్టంలో రాసే ఉంది. అక్కడి కన్వీనియన్స్ స్టోర్లలో డ్రాప్ సేఫ్ (డబ్బు లోపల వేయడమే తప్ప కౌంటర్లో ఉన్నవాడు తీయలేని పెట్టె), కెమెరా, సైలెంట్ అలారం, పార్కింగ్‌లో వెలుతురు, గుమ్మం దగ్గర మనిషి ఎత్తు తెలిపే గీతలు ఉండాలి. గల్లాలో 50 డాలర్లకు మించి లేదని తలుపు మీద బోర్డు ఉండాలి. ఒకసారి దోపిడీ లాంటి హింసాత్మక నేరం జరిగిన దుకాణంలో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఇద్దరు మనుషులో, తూటా దూరని గది లాంటి కౌంటరో, గార్డో, తలుపు మూసి కిటికీలోంచి అమ్మకాలో, ఏదో ఒకటి తప్పనిసరి. ఆ రెండో మనిషి జీతం ఓనరుకు ఖర్చు. అడగాల్సింది లోపల పనిచేసేవాడు. అనుమతి లేకుండా గంటకు ఇంతని చేతికిచ్చే డబ్బుకు పనిచేస్తున్న ఎఫ్-1 కుర్రాడు అది ఓనరును నోరు తెరిచి అడగలేడు, లేబర్ ఆఫీసుకు ఫోనూ చేయలేడు.