తాతల కాలంలో రోగాలు లేవా? మా బావ పంపిన మెసేజ్‌కు జవాబు

ముసురు పట్టిందంటే చాలు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజ్ ప్రత్యక్షం. ఈ ఏడు పంపింది పరకాల బావ. ‘మన తాతలు చెరువు నీళ్లు, బావి నీళ్లు తాగి బతికారు. వాళ్లకు రోగాలు లేవు. ఊరికో దవాఖాన వచ్చాకే రోగాలు పెరిగాయి. డెంగ్యూ వచ్చేది మురికి కాల్వల వల్ల, మున్సిపాలిటీ వాళ్లు పొగ కొట్టకపోవడం వల్ల. పరీక్షలన్నీ పైసల కోసమే. జ్వరమొస్తే బొప్పాయి ఆకు రసం తాగి ఇంట్లో పడుకోండి, మూడు నాలుగు రోజులకు అదే దిగుతుంది.’ కింద దండం పెట్టే చేతుల బొమ్మలు ఒక వరుస.

నేను హనుమకొండలో బడిపిల్లలకు జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. గ్రూపులోనే బదులిస్తే అక్క నొచ్చుకుంటుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

‘తాతలకు రోగాలు లేవు.’ మరి ఊరూరా పోశమ్మ గుడి ఎందుకుంది బావా? మశూచి వస్తే ‘అమ్మవారు పోసింది’ అని వేపమండలు కట్టుకున్నది ఎవరు? గత్తర అంటే కలరా. రోగం తగ్గినా ఆ మాట మన తిట్లలో ఇంకా బతికే ఉంది. టైఫాయిడ్ కొత్తదేం కాదు, సన్నిపాతం అన్నది దాన్నే. దోమ కడుపులో మలేరియా క్రిమిని డాక్టర్ రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. స్వాతంత్య్రం వచ్చే నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది పోయేవారని అంచనా. అప్పటి సగటు ఆయుష్షు సుమారు 32 ఏళ్లు. మనకు యాదికొచ్చే తాత, బతికి బట్టకట్టిన తాత. మా నానమ్మకు తొమ్మిది కాన్పులు, మిగిలింది నలుగురు. ఆ మిగతా ఐదుగురికి మనుమలు లేరు, వాళ్ల మాట చెప్పేవాళ్లూ లేరు.

ఇక చెరువు, బావి నీళ్ల సంగతి. నారికురుపు పేరు ఈ తరం విని ఉండదు. మెట్లబావిలోకి దిగి ముంచుకున్న నీళ్లలో కంటికి ఆనీ ఆనని చిన్న పురుగు ఉండేది. దాని పొట్టలో నారిపురుగు పిల్ల. తాగిన ఏడాదికి కాలి మీద బొబ్బ లేచి, మీటరు దాకా పొడవున్న తెల్లటి పురుగు తల బయటపెట్టేది. గుంజితే తెగుతుంది కాబట్టి పుల్లకు చుడుతూ రోజుకింత లాగేవారు. మంటకు ఓర్వలేక ఆ మనిషి మళ్లీ బావి నీళ్లలోనే కాలు పెడితే, పురుగు పిల్లలు నీళ్లలో పడి వలయం మళ్లీ మొదలయ్యేది. 1984లో దేశంలో సుమారు 40 వేల మందికి ఇది ఉంది. అది పీడించిన ఏడు రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దీనికి టీకా లేదు, మందు లేదు. గుడ్డలో వడగట్టి తాగడం, మెట్లబావులను చేదబావులుగా మార్చడం, బోరింగులు వేయడం, నీళ్లలో ఆ చిన్న పురుగు చచ్చే మందు కలపడం, ఇంతే. 1996 తర్వాత దేశంలో ఒక్క కేసు లేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

మశూచిది దీనికి సరిగ్గా తలకిందుల కథ. నీళ్లు మారలేదు, ఇళ్లు మారలేదు. టీకా ఇంటింటికీ వచ్చింది. దేశంలో చివరి కేసు 1975. ఒక రోగాన్ని నీళ్లు బాగుచేసి సాగనంపాం, ఇంకోదాన్ని సూదితో. ‘పరిసరాలు బాగుంటే చాలు, దవాఖాన ఎందుకు’ అనేవాళ్లకూ, ‘మందులున్నాయిగా’ అని చెత్త గుమ్మం ముందే పారబోసేవాళ్లకూ నేను చూపించే జంట ఇదే. అన్నట్టు వడ్డేపల్లి చెరువు నీళ్లు మేం ఇప్పటికీ తాగుతున్నాం. కాకపోతే ఫిల్టర్ బెడ్డు దాటి, క్లోరిన్ కలిశాకే.

‘డెంగ్యూ మురికి కాల్వల వల్ల.’ నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే వాక్యం ఇది, ఎందుకంటే తప్పు మన ఇంట్లో ఉంటే వేలు బజారు వైపు చూపిస్తుంది. మురికి కాల్వలో పెరిగేది క్యూలెక్స్ దోమ. అది బోదకాలు తెస్తుంది. దాని దెబ్బ మన జిల్లాల్లో కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగే ముసలివాళ్లను చూస్తే తెలుస్తుంది. కాబట్టి కాల్వలు తీయాల్సిందే, అడగాల్సిందే. డెంగ్యూ తెచ్చే ఏడిస్‌కు మాత్రం శుభ్రమైన నిలువ నీళ్లు కావాలి. నల్లా ఎప్పుడొస్తుందో తెలియదని నింపిపెట్టే డ్రమ్ములు, మూతలేని గోలాలు, కూలర్లు, డాబా మీద పాత టైర్లు, ఫ్రిజ్ వెనక ట్రే. పట్టపగలు కుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు. గుడ్లు తొట్టి అంచున అంటుకుని, నీళ్లు ఎండినా నెలల తరబడి చావవు. తొట్టి ఒంపితే చాలదు, లోపల పీచుతో రుద్దాలి. ఆరోగ్య శాఖ శుక్రవారం ‘డ్రై డే’ (నిలువ నీళ్లన్నీ ఒంపి ఆరబెట్టే రోజు) అనేది ఈ వారం రోజుల లెక్కకే. కిందటేడు మా బడిపిల్లలకు తోకపురుగులు, అంటే దోమ లార్వాలు, చూపిద్దామని కాలనీ అంతా తిరిగాను. దొరికింది మా ఇంట్లోనే, మా ఆవిడ ముచ్చటపడి పెంచుకుంటున్న మనీప్లాంట్ సీసాలో. ఆ పూట అన్నం కొంచెం ఆలస్యంగా దొరికింది.

బావ మాటలో సగం నిజం ఉన్నది ఇక్కడే. తాతల కాలపు పల్లెల్లో డెంగ్యూ అరుదు. ఏడిస్ మొదట పట్నం దోమ. ప్లాస్టిక్ డ్రమ్ము, కూలరు, టైరు, రోజూ పట్నం పోయొచ్చే మనిషి, ఇవన్నీ దాన్ని ఊళ్లోకి తెచ్చాయి. దవాఖాన తేలేదు.

పొగ గురించి రెండు మాటలు. అది ఆ క్షణంలో బయట ఎగురుతున్న దోమను చంపుతుంది. మంచం కింద దాక్కున్న దోమకు, డ్రమ్ములోని లార్వాకు దాని సెగ తగలదు. బండి చప్పుడుకు జనం సంతోషిస్తారని వీధిలో తిప్పుతారేమో అనిపిస్తుంది.

‘ఊరికో దవాఖాన.’ ఎక్కడ బావా? లెక్క ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30 వేల మందికి ఒకటి, ఏజెన్సీలో 20 వేలకు ఒకటి. 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాదంతా కురిసే దాంట్లో సగం దాకా. పక్కనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి వాళ్లు ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అలాంటి రోజున బోరింగులు, పైపులు మునిగి తాగే నీళ్లలో మురుగు కలుస్తుంది. అదే రోజు రోడ్డు తెగి దవాఖాన దూరమవుతుంది. రోగం తెచ్చే వానే వైద్యానికి అడ్డం పడుతుంది. అక్కడ నీళ్లు వేరు, వైద్యం వేరు అని విడదీసి మాట్లాడగలమా?

‘పరీక్షలు పైసల కోసమే.’ ఈ కోపం నాకూ ఉంది. మా దగ్గరి చుట్టానికి ప్లేట్‌లెట్లు 45 వేలున్నా, రక్తస్రావం ఏమీ లేకున్నా, ఇంటివాళ్లను బెదరగొట్టి సంచులెక్కించారు. నెత్తురు కారనప్పుడు 10 వేలకు పైనుంటే సాధారణంగా ఆ అవసరం రాదు. పరీక్షలు పెరిగితే కాగితం మీద కేసులు పెరిగేదీ నిజమే. కానీ లెక్కలోకి వచ్చిన జ్వరం, లెక్కకు రాకముందూ జ్వరమే. జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్‌1 (నెత్తురులో డెంగ్యూ వైరస్ ప్రోటీన్‌ను పట్టే పరీక్ష), ఆ తర్వాత ఐజీఎం (వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను చూసే పరీక్ష). సర్కారు లెబోరేటరీలో ఇవే ఎలైసా అనే మరింత నమ్మదగిన పద్ధతిలో చేసి ఖాయం చేస్తారు. దోపిడీ మీద కోపముంటే సర్కారు దవాఖానలో చేయించుకుందాం, మానేయడమెందుకు?

బొప్పాయి ఆకు మీద నాకు పగ లేదు. ప్లేట్‌లెట్ల అంకె కొంత తొందరగా పెరిగిందని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి. ప్రాణం నిలబెట్టిందని రుజువు లేదు. అంకె ఎలాగూ కోలుకునే రోజుల్లో తనంతట తానే పెరుగుతుంది.

అసలు ప్రాణం మీదికి తెచ్చేది చివరి మాట, ‘మూడు నాలుగు రోజులకు అదే దిగుతుంది.’ దిగుతుంది, నిజమే. డెంగ్యూలో గండం మొదలయ్యేది చాలాసార్లు ఆ దిగినప్పుడే. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య ఒళ్లు చల్లబడి, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకునే వేళ రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది, బీపీ పడిపోతుంది. డెంగ్యూ ముదిరి వైద్యం అందకపోతే నూటికి 20 మందికి పైగా పోవచ్చు. వేళకు సెలైన్ ఎక్కించి కనిపెట్టుకుని చూస్తే ఒక్కరి కన్నా తక్కువ. మధ్యలో ఉన్న తేడా అంతా దవాఖానే బావా. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే వేయి, ఒళ్లునొప్పులకని మెడికల్ షాపులో బ్రూఫెన్, ఆస్ప్రిన్ అడగకు. జ్వరం తగ్గాక కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి నెత్తురు, మగతగా పడుకోవడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆకు రసం గ్లాసు పక్కన పెట్టి, రాత్రి ఎంతైనా సరే, 108కు ఫోన్ చెయ్యి.