సవరణ: రోనన్ లబార్ పారిస్ ఫలితాల గురించి

ఫ్రాన్స్ బ్యాడ్మింటన్ డబుల్స్ ఆటగాడు రోనన్ లబార్‌పై రాసిన వ్యాసంలో, 2024 పారిస్ ఒలింపిక్స్ గ్రూప్ దశలో ఆయన, ల్యుకా కోర్వే జంట మూడు మ్యాచ్‌లు ఓడిపోయిందని పేర్కొన్నాను. అది పొరపాటు. అదే గ్రూపులోని జర్మనీ జంట లామ్స్‌ఫుస్, సైడెల్ మోకాలి గాయం కారణంగా వైదొలగడంతో ఆ జంట ఫలితాలను లెక్కలోంచి తీసివేశారు. కాబట్టి లబార్ జంటకు లెక్కకొచ్చినవి రెండు పరాజయాలే.

మొదటిది జులై 27న మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టిల చేతిలో 17-21, 14-21 తేడాతో ఎదురైంది. రెండోది ఇండోనేషియా జంట అల్ఫియాన్, అర్దియాంతోల చేతిలో 13-21, 10-21 తేడాతో ఎదురైన ఓటమి. ఈ ఫలితంతోనే, తమలో తాము తలపడకముందే, భారత, ఇండోనేషియా జంటలు రెండూ క్వార్టర్ ఫైనల్ చేరాయి. ఈ మలుపును అప్పుడు వదిలేయడం అంకె తప్పు కన్నా పెద్ద లోపమని నా అభిప్రాయం.

సింగిల్స్ నుంచి డబుల్స్‌కు మారినది కూడా, నేను రాసినట్లు లబార్ కాదు, కోర్వే.