పెళ్లి హాల్లో మైకు ఎందుకు మొరాయిస్తుంది?

సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి పురోహితుడి కాలర్ మైకు కరకరలాడుతుంది. మంత్రం ఒక ముక్క వినిపిస్తుంది, ఒక ముక్క వినిపించదు. పెళ్లికూతురి మేనమామ మైక్ సెట్ కుర్రాడి వంక గుర్రుగా చూస్తాడు. కుర్రాడు పరుగున వచ్చి మైకును రెండుసార్లు తట్టి, బ్యాటరీలు మార్చి వెళ్తాడు. కాసేపటికి మళ్లీ అదే గోల. మన ఫంక్షన్ హాళ్లలో ఇది చూడనివాళ్లు తక్కువ. అప్పుడు అందరూ అనేదీ ఒకటే మాట: "చవక మైకులు తెచ్చాడు."

చవకదనమే కారణమైతే, పేరున్న కంపెనీ మైకులు అద్దెకు తెచ్చిన చోట ఈ గొడవ ఉండకూడదు. కానీ అక్కడా ఉంటోంది. కార్డ్‌లెస్ మైకు ఇబ్బందుల్లో చాలావాటికి దాని ధరతో సంబంధం లేదు. రిసీవర్ (మైకు పంపే తరంగాలను అందుకునే పెట్టె) ఎక్కడ పెట్టారు, ఏ ఫ్రీక్వెన్సీ (ఆ రేడియో తరంగాల అంకె) ఎంచుకున్నారు, పరీక్షించుకోవడానికి ఎంత టైమ్ దొరికింది అన్నవే అసలు సంగతులు. ఈ మూడూ మైక్ సెట్ కుర్రాడి చేతిలో సగమే ఉంటాయి. మిగతా సగం హాలు యజమానిది, ఫంక్షన్ చేసుకునేవాళ్లది. తప్పు మొత్తం కుర్రాడి నెత్తిన రుద్దినంత కాలం ఈ గోల తగ్గదు.

పురోహితుడి మైకు సంగతే వివరంగా చూద్దాం. కాలర్ మైకు ఉత్తరీయానికి పెడతారు, దాని తీగ నడుము దగ్గరున్న చిన్న ట్రాన్స్‌మిటర్‌కు వెళ్తుంది. బెల్టు ఉండదు కాబట్టి ఆ పెట్టెను పంచె మడతలో దోపుకుంటారు. ఆయన కింద పీట మీద కూర్చోగానే యాంటెన్నా కడుపు ముడతకూ, చెమట పట్టిన చర్మానికీ మధ్య ఇరుక్కుపోతుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. మైకులు వాడే యూహెచ్ఎఫ్ అనే రేడియో తరంగాలను శరీరం బాగా పీల్చేసుకుంటుంది. ఆ పెట్టె పంపే శక్తి మామూలుగా 10 నుంచి 50 మిల్లీవాట్లు. అంత కొద్దిపాటి శక్తిలో చాలా భాగం ఆయన ఒంట్లోనే పోతే, మిగిలిన కాస్తా బయలుదేరుతుంది. అప్పటికే మండపం చుట్టూ అక్షింతలు పట్టుకున్న బంధువులు, ఫొటోగ్రాఫర్లు, వీడియో వాళ్లు గోడ కట్టినట్టు నిలబడి ఉంటారు. రిసీవరేమో హాలు చివర, సౌండ్ టేబుల్ కింద, ఇనుప పెట్టెలో ఉంటుంది. ఉదయం ఖాళీ హాల్లో "హలో, మైక్ టెస్టింగ్" అన్నప్పుడు ఎంతో బాగా పలికిన మైకు ముహూర్తానికి తడబడడానికి కారణం ఇదే. మధ్యలోకి జనం వచ్చారు.

దీనికి మందు ఖర్చుతో కూడింది కాదు. పెట్టెను పంచె పైమడతకు క్లిప్పుతో బిగించి, యాంటెన్నాను ఒంటికి తగలకుండా బయటికి వదలాలి, చుట్టి లోపల పెట్టకూడదు. రిసీవర్‌ను మండపం పక్కకు తెచ్చి, యాంటెన్నాలు జనం తలల కంటే పైకి, అంటే ఏడడుగుల ఎత్తుకు వచ్చేలా స్టాండు మీద పెట్టాలి. రెండు యాంటెన్నాలుంటే వాటిని వి ఆకారంలో విడదీయాలి. తరంగాలు ఒకదానికి సరిగ్గా అందని క్షణంలో రెండోది అందుకుంటుంది. "మరి మిక్సర్ అక్కడెక్కడో ఉంది కదా" అంటారు. రిసీవర్ నుంచి మిక్సర్‌కు ఎక్స్ఎల్ఆర్ కేబుల్ (మైకులకు వాడే మూడు పిన్నుల తీగ) లాగితే సరిపోతుంది, అది పదుల మీటర్ల దూరమైనా ఇబ్బంది లేకుండా శబ్దాన్ని మోస్తుంది. మనవాళ్లు దీనికి తిరగేసి చేస్తారు. కేబుల్ పొట్టిగా ఉంచి, గాలిలో దూరం పెంచుతారు.

చేతి మైకుల్లో చాలావాటికి యాంటెన్నా అడుగు భాగంలో ఉంటుంది. పాటగాళ్లు స్టైల్ కోసం అడుగున గుప్పిట బిగిస్తే తరంగాలు అక్కడే ఆగిపోతాయి. పైన జాలీ మీద చెయ్యి మూస్తే ఇంకో తంటా. మైకు ముందువైపు శబ్దాన్నే తీసుకునేలా దాన్ని తయారుచేశారు, వెనుక రంధ్రాలు మూసుకుపోతే అది అన్నివైపుల శబ్దాన్నీ లాగేసుకుని కూత పెడుతుంది. నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, మధ్యలో పట్టుకోమని స్టేజీ ఎక్కేవాళ్లకు ముందే చెబితే సగం కూతలు ఉండవు. స్పీకర్ల ముందుకు నడవవద్దని కూడా చెప్పాలి. అవార్డు తీసుకోవడానికి వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లాడికి ఇది తెలియకపోవడం సహజం. చెప్పాల్సింది మనం.

ఇక ఫ్రీక్వెన్సీ విషయం. దీని గురించి జనంలో చర్చే లేదు.

2022 ఆగస్టులో ముగిసిన 5జీ వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో (అంటే ఆ అంకె చుట్టూ ఉన్న ఫ్రీక్వెన్సీల పట్టీలో) కొంత భాగాన్ని రిలయన్స్ జియో దేశమంతటికీ కొనుక్కుంది. ఆ బ్యాండులో ఫోన్ల నుంచి టవర్లకు 703 నుంచి 748 మెగాహెర్ట్జ్ వరకు, టవర్ల నుంచి ఫోన్లకు 758 నుంచి 803 వరకు కేటాయింపు ఉంది. మైక్ సెట్ వాళ్ల దగ్గర అంతకుముందు కొన్న యూహెచ్ఎఫ్ మైకుల్లో సరిగ్గా ఈ అంకెల్లోనే పనిచేసేవి ఉన్నాయి. టవర్ చాలా బలంగా పలుకుతుంది, మైకు గుసగుసలాడుతుంది. హాలు పక్క మేడ మీద టవర్ ఉంటే ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. హాల్లో కూర్చున్న వందల మంది ఫోన్లు సరేసరి. నిరుడు బాగా పనిచేసిన మైకు ఈ ఏడాది పాడైందని పక్కన పడేసే ముందు, దాని ఒంటి మీదో బ్యాటరీ మూత లోపలో ఉన్న స్టిక్కర్ మీది అంకె చూడాలి. అది 700 దాటి 803 లోపు ఉంటే తప్పు మైకుది కాకపోవచ్చు, రిపేరుకు ఇచ్చినా లాభం ఉండకపోవచ్చు. 600 మెగాహెర్ట్జ్ బ్యాండు కూడా అదే వేలానికి వచ్చింది, అప్పుడు ఎవరూ కొనలేదు. రేపు ఎవరైనా కొంటే అక్కడా ఇదే కథ. కొత్త మైకు కొనేవాళ్లు ఒకే అంకెకు బిగించిన జత మైకుల జోలికి పోకుండా, ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలున్నది తీసుకోవడం మంచిదని నేననేది అందుకే.

అమెరికాలో 700 బ్యాండులో వైర్‌లెస్ మైకుల వాడకాన్ని 2010 జూన్ 12 నుంచి నిషేధించారు. 600 బ్యాండు మొబైల్ కంపెనీలకు వెళ్లాక 2020 జులై 13 నుంచి అక్కడా, చిన్న మినహాయింపులు తప్ప, ఆపేశారు. ఏ మోడళ్లు పనికిరావో వాడేవాళ్లకు చెప్పే ఏర్పాటూ చేశారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉగాది జరుపుకునే మన సంఘాలవాళ్లు ఇక్కడ చవగ్గా దొరికిందని మైకు కొని పట్టుకెళ్తే, అది అక్కడి చట్టానికి విరుద్ధం కావచ్చు. అటు నుంచి ఎవరైనా "పాత మైకులున్నాయి, తెస్తాం" అన్నా అంకె అడగాల్సిందే. మన దగ్గర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం స్పెక్ట్రమ్ వ్యవహారాలు చూస్తుంది. వేలాల గురించి పత్రికల నిండా వార్తలొచ్చాయి. మైకు అద్దెకిచ్చి బతికేవాడికి "నీ దగ్గరున్న ఈ సరుకు ఇక పనిచేయదు" అని తెలుగులో ఒక్క ప్రకటన వచ్చినట్టు నాకు కనిపించలేదు. లక్షన్నర కోట్ల రూపాయల వేలంలో ఆ చిన్న వ్యాపారి ఎవరికీ గుర్తు రాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఒక్క మైకుతో పోయేది కాదు, నాలుగైదు వాడతాం. అప్పుడు మైకులే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. ఒకటి 650.0, రెండోది 650.5, మూడోది 651.0 మెగాహెర్ట్జ్‌లో పెట్టారనుకోండి. చూడ్డానికి చక్కగా సమదూరంలో ఉన్నాయి. కానీ రెండు బలమైన సిగ్నళ్లు ఒకే సర్క్యూట్‌లో కలిస్తే కొత్త సిగ్నళ్లు పుడతాయి. రెండోదాన్ని రెట్టింపు చేసి మొదటిదాన్ని తీసేయండి: 1301 లోంచి 650 పోతే 651. మూడో మైకు నెత్తినే వచ్చి పడింది. 650.0, 650.6, 651.6 అని ఎగుడుదిగుడుగా పెడితే ఈ బాధ ఉండదు. లెక్క రాకపోయినా నష్టం లేదు. ఒకే కంపెనీ రిసీవర్లలో గ్రూపు, చానెల్ అని ముందే లెక్కగట్టి పెట్టినవి ఉంటాయి. అన్ని మైకులకూ ఒకే గ్రూపు, వేర్వేరు చానెళ్లు ఇస్తే చాలు. వాడని మైకులను ఆన్‌లో ఉంచి టేబుల్ మీద పక్కపక్కన పడుకోబెట్టడం కూడా ఇదే జబ్బుకు దారి తీస్తుంది, వాటిని దూరదూరంగా పెట్టాలి.

ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతికే స్కాన్ బటన్ ఇప్పుడు ఓ మోస్తరు ధర రిసీవర్లలోనూ ఉంటోంది. నొక్కేవాళ్లు నొక్కుతున్నారు, అయితే వేళ కాని వేళ. పొద్దున్నే హాలు చీకటిగా ఉన్నప్పుడు స్కాన్ చేస్తే అంతా ఖాళీగానే కనిపిస్తుంది. సాయంత్రం స్టేజీ వెనక ఎల్ఈడీ తెర వెలుగుతుంది. ఆ తెరల పవర్ సప్లైలు, కేబుళ్లు యూహెచ్ఎఫ్‌లో బోలెడంత రొద పుట్టిస్తాయి. కాబట్టి తెర, లైట్లు అన్నీ వేయించి, మన మైకులన్నీ ఆపి, అప్పుడు స్కాన్ చేయాలి. దొరికిన ఖాళీలో మొదటి మైకు పెట్టి, దాన్ని ఆన్‌లోనే ఉంచి రెండోది, ఆ రెండూ ఉండగా మూడోది. చివరికి ఒకరు మైకు పట్టుకుని మాట్లాడుతూ స్టేజీ మూలమూలకూ, మెట్ల కిందికీ నడవాలి. రిసీవర్ యాంటెన్నాలు ఎల్ఈడీ తెరకు ఎంత దూరముంటే అంత మేలు. ఇదంతా గంట పని. డెకరేషన్ వాళ్లు పూలు కట్టడం పూర్తయ్యేదాకా మైక్ సెట్ వాళ్లను స్టేజీ ఎక్కనివ్వం. ఎక్కేసరికి అతిథులు వచ్చేస్తారు.

ఇక భద్రత విషయం. ముందు కరెంటు గురించి చెప్పాలి. వైరు మైకు లోహపు ఒళ్లు కేబుల్ షీల్డు ద్వారా మిక్సర్‌కూ, యాంప్లిఫయర్ బాడీకీ కలిసి ఉంటుంది. యాంప్లిఫయర్ లోపల ఫేజు తీగ బాడీకి తగిలి, ఎర్తింగ్ లేకపోతే, మైకు పట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది. వానలో తడిసిన వినాయక చవితి పందిరి కింద, చెప్పుల్లేని కాళ్లతో నిలబడి భజన పాడే మనిషిని ఊహించుకోండి. ఆయన చేతిలో కార్డ్‌లెస్ మైకు ఉంటే కరెంటు వెళ్లే దారే ఉండదు, లోపల ఉన్నది పెన్సిల్ బ్యాటరీలే. ఆరుబయట కార్యక్రమాలకు కార్డ్‌లెస్ మైకే మేలని నేను గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇదే.

అలాగని పందిరంతా క్షేమమని కాదు. పక్కనే కీబోర్డు, డోలుకు పెట్టిన వైరు మైకు, ఇనుప స్టాండ్లు ఉంటాయి. స్పీకర్లలో హమ్ (గుయ్‌మనే రొద) వస్తోందని ప్లగ్గు మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేసేవాళ్లను చూస్తుంటాం. హమ్ పోతుంది, దాంతోపాటు ప్రాణానికి ఉన్న రక్షణా పోతుంది. హమ్ పోవాలంటే ఆడియో లైన్‌లో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరో డీఐ బాక్సో (తీగలను నేరుగా కలపకుండా శబ్దాన్ని మాత్రం దాటించే పెట్టెలు) పెట్టాలి, ఎర్త్ మాత్రం తీయకూడదు. స్టేజీకి వెళ్లే లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండాలి. జనరేటర్ తెస్తే దాని ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. రిసీవర్లు, మిక్సర్ చిన్న యూపీఎస్ మీద ఉంటే కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు మాట తెగిపోదు.

బ్యాటరీల దగ్గర ఒక జాగ్రత్త. పెన్సిల్ సెల్లు సైజులోనే 14500 అనే లిథియం సెల్లు దొరుకుతుంది, దాని వోల్టేజి 3.7. 1.5 వోల్టుల సెల్లుకు చేసిన మైకులో అది వేస్తే మైకు కాలిపోవచ్చు. మామూలు జింక్ సెల్లు బదులు ఆల్కలైన్ వాడాలి, జతలో రెండూ ఒకేసారి మార్చాలి, ఫంక్షన్ అయ్యాక తీసేయాలి.

కాలర్ మైకు పెట్టుకున్నవాళ్ల మాటలు వాళ్లకు తెలియకుండా బయటికి వెళ్లే ప్రమాదమూ ఉంది. పాత అనలాగ్ మైకుల మాటలను ఆ ఫ్రీక్వెన్సీ పట్టే రిసీవర్ ఉన్న ఎవరైనా బయట నుంచి వినవచ్చు. పార్టీ అంతర్గత సమావేశాలకు, డాక్టర్ల సదస్సులకు ఎన్‌క్రిప్షన్ (మాటను బయటివాళ్లకు అర్థం కాకుండా మార్చి పంపే ఏర్పాటు) ఉన్న డిజిటల్ మైకులే వాడాలి. ఇక మోత సంగతి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల దాకా తట్టుకోవచ్చని లెక్క, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పావుగంట. స్పీకర్ల ముందు వరసలో పసిపిల్లలను కూర్చోబెట్టే అలవాటు మానాలి.

ఇన్ని పనులు ముహూర్తానికి గంట ముందు వచ్చిన కుర్రాడు ఒక్కడే చేయలేడు. హాలు మాత్రం ఏడాదంతా అక్కడే ఉంటుంది, చుట్టూ ఉన్న టవర్లూ రోజుకోచోటికి మారవు. ప్రతి ఫంక్షన్ హాలు యజమానీ ఏడాదికి ఒకట్రెండుసార్లు సౌండ్ ఇంజినీరును పిలిచి, తెరలు, లైట్లు వేసి స్కాన్ చేయించి, పనికొచ్చే ఫ్రీక్వెన్సీలు, పనికిరానివి ఒక కాగితం మీద రాయించి స్టేజీ పక్క గోడకు అంటించాలి. రిసీవర్ ఎక్కడ పెడితే బాగుంటుందో, స్టేజీ సాకెట్లలో ఎర్తింగ్ ఎప్పుడు పరీక్షించారో కూడా అందులోనే ఉండాలి. హాలు బుక్ చేసుకునేటప్పుడు ఏసీ, పార్కింగ్, వంటశాల గురించి అడుగుతాం. ఆ కాగితం ఉందా అని కూడా అడగాలి. మైక్ సెట్ వాళ్లకు అతిథులు రాకముందు ఒక గంట స్టేజీ వదిలేస్తామని డెకరేషన్ వాళ్లతో అడ్వాన్సు ఇచ్చిన రోజే ఒప్పందం చేసుకోవాలి.