సవరణ: ఎమ్మెల్యేల ప్రమాణం రాజ్యాంగానికే

ఎమ్మెల్యేలు, ఎంపీలు ప్రభుత్వానికి విధేయంగా ఉంటామని ప్రమాణం చేస్తారనీ, కాబట్టి సొంత ప్రభుత్వాన్ని విమర్శించే సభ్యుడు ఆ ప్రమాణం తప్పినట్టేననీ మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. ఆ వాక్యాలు తీసేశాను.

ప్రమాణ పాఠాలు రాజ్యాంగం మూడో షెడ్యూల్‌లో ఉన్నాయి. సభ్యుడైనా, మంత్రి అయినా విశ్వాసం, విధేయత చూపుతానని చెప్పేది శాసనం ద్వారా ఏర్పడిన భారత రాజ్యాంగం పట్ల. ముఖ్యమంత్రికో, ప్రధానికో, పార్టీకో విధేయంగా ఉంటానన్న మాట అందులో ఎక్కడా లేదు. దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను కాపాడతానన్న వాక్యం 1963లో పదహారో సవరణతో చేరింది. రాష్ట్రపతి కూడా 60వ అధికరణ కింద రాజ్యాంగాన్ని పరిరక్షిస్తాననే ప్రమాణం చేస్తారు. బ్రిటన్ ఎంపీలు మాత్రం ఇప్పటికీ రాజుకు, ఆయన వారసులకు విధేయత ప్రకటిస్తారు. రాజ్యాంగం రాసినవాళ్లు మనకు ఆ పద్ధతి వద్దనుకోవడం నా దృష్టిలో చాలా పెద్ద నిర్ణయం. ప్రభుత్వాలు మారుతున్నా ప్రమాణం మారనక్కర్లేదు. ప్రతిపక్ష సభ్యుడు చేసేదీ అదే ప్రమాణం.

మరి విప్ ధిక్కరిస్తే పదవి పోతుంది కదా అంటే, అది వేరే సంగతి. 1985లో చేర్చిన పదో షెడ్యూల్ ప్రకారం పార్టీ ఆదేశానికి విరుద్ధంగా సభలో ఓటేసినా, అనుమతి లేకుండా ఓటింగ్‌కు దూరంగా ఉన్నా సభ్యత్వం పోవచ్చు. ఆ పార్టీ అధికారంలో ఉన్నా, ప్రతిపక్షంలో ఉన్నా నిబంధన ఒక్కటే.