‘క్లియర్ ఐపీ బీజీపీ’ పక్కన కూర్చునే నక్షత్రం గారికి

మహారాజశ్రీ నక్షత్రం గారికి,

‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మొన్న రాత్రి 2 గంటల 10 నిమిషాలకు, పొరుగు రౌటర్లతో మాటలు తెంచేసే ‘క్లియర్ ఐపీ బీజీపీ’ కమాండ్ చివర, ‘అందరితోనూ’ అని అర్థమిచ్చే * గుర్తుగా మీరు మా రౌటర్‌లో కాలు పెట్టిన దగ్గర్నుంచి ఉభయుల్లో ఎవరూ కుశలంగా లేరు.

మా వైపు పెళ్ళికీ, గృహప్రవేశానికీ, ఆఖరికి బోరు వేయించడానికీ నక్షత్రం చూస్తారు. నెట్‌వర్క్‌లో పాలసీ మార్చడానికి మేమూ ముహూర్తం పెట్టుకుంటాం, దాన్ని మెయింటెనెన్స్ విండో అంటాం. ఇంత చూసుకున్నాక నక్షత్రమే వచ్చి కొంప ముంచుతుందని ఏ పంచాంగంలోనూ లేదు.

పని చాలా చిన్నది. మాకు ఇంటర్నెట్ ఇచ్చే ఇద్దరు ప్రొవైడర్లలో ఒకరి నుంచి వచ్చే కొన్ని రూట్లకు (అంటే ఇంటర్నెట్‌లో దారులకు) లోకల్ ప్రిఫరెన్స్, అంటే ఏ దారికి ఎంత మొగ్గో చెప్పే అంకె, 100 నుంచి 150కి పెంచాలి. రూట్‌మ్యాప్‌లో అంటే రూట్లకు పెట్టుకునే రూళ్ళ జాబితాలో, ఒక్క లైను. మార్చాను. ఏమీ కదల్లేదు. కదలదు కూడా. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే భాష బీజీపీ. దానికి చెప్పిందే చెప్పే అలవాటు లేదు. పొరుగు రౌటర్ తన రూట్లన్నీ మొదట్లో ఒకసారి చెబుతుంది, ఆ తర్వాత మార్పు ఉంటేనే నోరు విప్పుతుంది. పాత రూట్లను కొత్త రూలుతో జల్లెడ పట్టాలంటే వాటిని మళ్ళీ చెప్పించుకోవాలి.

చెప్పించుకోవడానికి మర్యాదైన దారి ఉంది. 2000లోనే ఆర్‌ఎఫ్‌సీ 2918 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఒకటి వచ్చింది, రూట్ రిఫ్రెష్ అంటారు. “అయ్యా, ఇంకోసారి చెప్తారా?” అని అడిగితే, సెషన్ (రెండు రౌటర్ల మధ్య నడిచే సంభాషణ) తెగకుండానే పొరుగు రౌటర్ అంతా మళ్ళీ అప్పజెబుతుంది. ఆ పొరుగుకు అది చేతకాకపోతే, వచ్చిన రూట్లను వచ్చినట్టే మన దగ్గర ఇంకో కాపీ దాచుకునే పద్ధతీ ఉంది, కాస్త మెమరీ తింటుంది. నేను ఆ కమాండ్ పక్కన కొట్టాల్సిందల్లా ఆ ప్రొవైడర్ ఐపీ అడ్రసు, చివర ‘సాఫ్ట్ ఇన్’. నిద్రమత్తులో ఐపీ గుర్తు రాలేదు. మిమ్మల్ని పిలిచాను. సాఫ్ట్ గారిని పిలవడం మర్చిపోయాను.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఏంటో ఆ రాత్రి అర్థమైంది. ఒక్కరితో పని ఉంటే ఇద్దరు ప్రొవైడర్లతోనూ, కస్టమర్లందరితోనూ, చివరికి మా సొంత నెట్‌వర్క్‌లోనే ఉండే, మా ఇంటి మనుషుల్లాంటి ఐబీజీపీ పొరుగులతోనూ ఒకేసారి మాటలు మాన్పించారు. పైగా అందరికీ నోటిఫికేషన్ పంపారు: ‘సీస్’ (ఇక ఆపు), సబ్‌కోడ్ 4, అంటే అడ్మినిస్ట్రేటివ్ రీసెట్. గొంతు కోసేటప్పుడు కూడా కారణం కాగితం మీద పెడతారన్నమాట!

నాకు ఇప్పటికీ అరగని విషయం ఒకటుంది. అదే రౌటర్‌లో ఇంటర్‌ఫేస్ కౌంటర్లు సున్నా చేస్తానంటే, ఎవరికీ ఏ నష్టమూ లేకపోయినా, ‘నిజంగానేనా?’ అని అడుగుతుంది. ఓఎస్‌పీఎఫ్ (బీజీపీ లాంటిదే ఇంకో రూటింగ్ భాష) ప్రాసెస్‌ను రీసెట్ చేయమంటే, ‘వద్దు’ అన్న జవాబు తనే ముందుగా పెట్టుకుని మరీ అడుగుతుంది. మీరొస్తే మాత్రం ఒక్క ప్రశ్న ఉండదు. వీఐపీ దర్శనం. ఎంటర్ కొట్టడమే ఆలస్యం.

ఎంటర్ కొట్టాక కర్సర్ ఆగిపోయింది. నేను ఇంట్లో కూర్చుని వీపీఎన్‌లో పని చేస్తున్నాను. ఇంట్లో కనెక్షన్ కూడా మా కంపెనీదే. కూర్చున్న కొమ్మ నరికానని తెలియడానికి నాలుగు సెకన్లు పట్టింది, ఫోన్ మోగడానికి రెండు నిమిషాలు.

డేటా సెంటర్‌లో ఉన్న కుర్రాడు కన్సోల్ కేబుల్ పెట్టి చదివి వినిపిస్తున్నాడు. “సార్, యాక్టివ్ అని వస్తోంది.” కాల్‌లో ఉన్న మేనేజర్ గారు ఊపిరి పీల్చుకున్నారు: “యాక్టివ్ అంటోంది కదా, మరి నెట్ రావట్లేదేం?” బీజీపీలో యాక్టివ్ అంటే సెషన్ ఇంకా కలవలేదు, కలవడానికి పాట్లు పడుతోందని అర్థమని రాత్రి రెండున్నరకు ఆయనకు వివరించాల్సి వచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్ళకు వేరే ఉత్తరం రాస్తాను.

సెషన్లు కలిశాక ఇంకో కథ. ఒక్కో ప్రొవైడర్ నుంచి 9 లక్షలకు పైగా ఐపీవీ4 రూట్లు. మా ముసలి రౌటర్ వాటిని మింగి అరిగించుకునేసరికి పావుగంట పట్టింది. అప్పుడు చూస్తే లోకల్ ప్రిఫరెన్స్ 150 అయి ఉంది. మీరు పని చేయలేదని మాత్రం ఎవరూ అనలేరు.

పొద్దున నా ముఖం చూసి మా అమ్మ, “నక్షత్రం బాలేదురా, శాంతి చేయిద్దాం” అంది. ఏ నక్షత్రమో ఆవిడకు తెలియదు. ఆఫీసు రిపోర్టులో కూడా ‘మానవ తప్పిదం’ అనే రాశారు. మీ పేరు ఎక్కడా లేదు.

అందుకని నా జాగ్రత్త నేను పడ్డాను. మీరు 8 అంకెతో కాపురముండే కీ మీద ప్లాస్టర్ అంటించాను. 8 కొట్టాల్సి వస్తే నంబర్ ప్యాడ్ వాడుకుందామనుకున్నాను. తీరా చూస్తే అక్కడ 9 పైన మీరు ఒంటరిగా, షిఫ్ట్ కూడా అక్కర్లేకుండా కూర్చుని ఉన్నారు.

ఇట్లు,
నైట్ షిఫ్ట్‌లో మీ విధేయుడు