మంచాన్ని బహుమతిగా పెట్టకండి

‘అండ లేని యువతకు వసతి, వ్యక్తిత్వ వికాసం’ అని బోర్డు పెట్టుకున్న చోటికి వెళ్తే ముందు వాళ్ల నిబంధనల కాగితం అడిగి చదవండి. మూడుసార్లు ఆలస్యంగా వస్తే గది ఖాళీ. క్లాసు ఎగ్గొడితే ఖాళీ. ఫ్రెండ్‌ని పడుకోనిస్తే ఖాళీ. సొంత ఇంట్లో పద్దెనిమిదేళ్ల పిల్ల ఇవే తప్పులు చేస్తే తిట్లు పడతాయి, అంతే. అనాథ పిల్లల హోమ్‌లో పెరిగి వచ్చిన పిల్లయితే రోడ్డున పడుతుంది. ఆ తర్వాత ఫైల్లో ‘సహకరించలేదు’ అని రాస్తారు. ఆ ముక్క చూసి ఇంకో చోట కూడా తీసుకోరు.

ముందు ఇల్లు, మిగతావి తర్వాత అనే ‘హౌసింగ్ ఫస్ట్’ని 1992లో న్యూయార్క్‌లో సామ్ త్సెంబెరిస్ అనే మనస్తత్వ నిపుణుడు మొదలుపెట్టాడు. ఫిన్లాండ్ 2008 నుంచి దాన్నే జాతీయ విధానంగా నడుపుతోంది. అయితే అది మొదట ఇల్లు లేని పెద్దవాళ్ల కోసం పుట్టింది. వాళ్లలో చాలామందికి ఒకప్పుడు ఇల్లు నడపడం వచ్చు. ఈ పిల్లలకు అసలెవరూ నేర్పలేదు. కాబట్టి తాళంచెవి చేతికిచ్చి వెళ్లిపోతే కుదరదు.

ఇలాంటి వసతి నడిపేవాళ్లకు నా మాట ఇది: మొదటి రెండు వారాలు ‘లక్ష్యాల’ ఫారాలు బయటికి తీయకండి. లోపలి నుంచి గడియ పడే తలుపు, కాగితాలు దాచుకునే సొరుగు, నిద్ర: ఇవి చాలు. మంచం కింద తిండి దాస్తే పారేయకండి. ఆకలి చూసినవాళ్లు దాస్తారు. మూత ఉన్న డబ్బా ఇవ్వండి, సరిపోతుంది.

ఇక డబ్బు. పొదుపు మీద రెండు గంటల క్లాసు శుద్ధ దండగ. చేతిలో డబ్బు లేనప్పుడు నేర్చుకున్నది చేతికి డబ్బు వచ్చాక గుర్తుండదు. వాళ్లకు వచ్చే డబ్బులో అద్దె వాటా ముందే పక్కన పెట్టి, మిగిలింది మొదట వారానికి రెండుసార్లు ఇవ్వండి. అది నిలబడ్డాక వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకు, చివరికి నెలకు. ఏదో ఒక వారం నాలుగో రోజుకే జేబు ఖాళీ అవుతుంది. కావాలి కూడా. అప్పుడు తర్వాతి వారం డబ్బు ముందే ఇచ్చేయకండి, ఉపన్యాసమూ ఇవ్వకండి. వంటింట్లో అందరికీ సరిపడా సరుకులు మాత్రం ఎప్పుడూ ఉండాలి. తప్పు చేస్తే ఇబ్బంది పడాలి గానీ పస్తుండకూడదు. నెల డబ్బుతో మూడు నెలలు వరసగా నెట్టుకొస్తే, విడిగా ఉండగలరని అప్పుడు నమ్మొచ్చు. సర్టిఫికెట్ చూసి కాదు.

అతిథుల గొడవ అందరూ తేలిగ్గా తీసుకుంటారు. గదులు పోయేది ఎక్కువగా దీనివల్లే. ఒక్క రాత్రికని వచ్చిన పెద్దవాడు వారం తిరిగేసరికి గది తనదే అంటాడు. ఒంటరిగా ఉన్న పిల్లలకు ‘వద్దు’ అనే మాట నోట్లోంచి రాదు. రాత్రి పదకొండు దాటితే అతిథులు ఉండకూడదన్న రూల్ ఉండాల్సింది ఇందుకే. ‘నాకేం అభ్యంతరం లేదు, ఇక్కడ ఒప్పుకోరు’ అని వాళ్లు తప్పించుకోవడానికి. అదే రూల్‌తో వాళ్లనే బయటికి గెంటితే మాత్రం, రెండోసారి ఆ పెద్దవాడి సంగతి మీకెవరూ చెప్పరు.

సిబ్బంది తొమ్మిదింటికి వచ్చి అయిదింటికి వెళ్తారు. కష్టాలు వచ్చేది రాత్రిళ్లు, ఆదివారాలు. పైగా ఏడాదిలో ముగ్గురు కార్యకర్తలు మారితే, అదే గతాన్ని మూడుసార్లు విప్పి చెప్పుకోవాలి. మారక తప్పకపోతే పాతవారు, కొత్తవారు కలిసి కనీసం రెండుసార్లు కూర్చోండి. చెప్పేది పాతవారు చెప్పాలి, ఆ పిల్ల ముందే, ఆమె ఒప్పుకున్నంత మేరకే.

సాయం ఆపేసే వయసు గీత గురించి ఒక్క మాట. ఇంగ్లాండ్‌లో 2017 చట్టం సంరక్షణలో పెరిగినవాళ్లు అడిగితే 25 ఏళ్ల వరకు సలహాదారుణ్ణి ఇవ్వాలంటుంది. మన 2015 బాలల న్యాయ చట్టంలో 46వ సెక్షన్ 18 నిండి హోమ్ నుంచి బయటికి వెళ్లేవాళ్లకు ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అంటుంది, ‘ఇవ్వాలి’ అనదు.

ఒకరు వెళ్లిపోయిన వారంలోనే ఆ గది ఇంకొకరికి కేటాయించడం ఇంకో తొందర. కనీసం ఒక్క గదైనా తిరిగొచ్చేవాళ్ల కోసం ఖాళీగా ఉంచండి. మొదటి మూడు నెలలు వారానికోసారి ఫోన్ మీరే చేయండి. వాళ్లు చేయరు. అద్దె రెండు నెలలు బాకీ పడ్డాక కూడా చేయరు.