పచ్చిపాల మీద మీగడ

ఈ మధ్య నా ఫోనుకు ఒకే సందేశం మూడు చోట్ల నుంచి వచ్చింది. దాని సారాంశం ఇది: "మన పాత సాహిత్యంలో కుటుంబమంటే ఆప్యాయత, ఉమ్మడి కాపురం, పెద్దల మాటకు ఎదురు చెప్పకపోవడం. చలం, ఆయన వెనక స్త్రీవాదులు వచ్చి, ఆడవాళ్లను ఇల్లు వదలమని ఆ కుటుంబాన్ని కూల్చారు. ఈనాడు తల్లిదండ్రులు వీధిన పడుతున్నది అందుకే." పంపినవారిలో నాకు తెలుగు చెప్పిన మాస్టారు ఒకరు. ఆయన మీద గౌరవం ఉంది కనుకనే జవాబు రాస్తున్నాను.

మొదటి మాట, ఉమ్మడి కాపురం. మా అమ్మమ్మ తిరగలి ముందు కూర్చుని పాడే పాట ఒకటుంది. "అత్తలేని కోడలుత్తమురాలు, కోడల్లేని అత్త గుణవంతురాలు" అని మొదలవుతుంది. ఆ తర్వాత అత్త అడుగుతుంది: "కోడలా కోడలా కొడుకు పెళ్లామా, పచ్చిపాల మీద మీగడేదమ్మా, వేడిపాలలోన వెన్న ఏదమ్మా?" పాలు కాచి చల్లారనిస్తేనే మీగడ కడుతుంది. తోడుపెట్టి చిలికితేనే వెన్న పడుతుంది. జీవితమంతా దాలి దగ్గర గడిపిన అత్తకు ఇది తెలియదా? తెలిసే అడుగుతుంది. ఏ కోడలూ సరైన జవాబు చెప్పలేని ప్రశ్న అది. దొంగతనం అంటగట్టడానికే వేసింది. కోడలు ఊరుకోదు. "ఆరళ్ల అత్తా" అని పిలిచి, పచ్చిపాల మీద మీగడ ఉంటుందా అని తిరిగి నిలదీస్తుంది. ఈ పాటను ఏ స్త్రీవాదీ రాయలేదు. దంచుతూ విసురుతూ ఆడవాళ్లే కట్టుకున్నారు. ఇద్దరు ఆడవాళ్లకు పాలగిన్నె మీద తప్ప మరి దేనిమీదా అధికారం ఇవ్వని ఇల్లు ఎలా ఉంటుందో ఇంత సూటిగా చెప్పిన రచన నాకు మరొకటి కనబడలేదు.

జానపదాన్ని సాహిత్యంగా లెక్కించనివారికి భారతం ఉంది. అది దాయాదుల కథ. పగ అంటూ ఉంటే "పామున్న యింటిలో నున్న యట్ల" అని తిక్కన ఉద్యోగపర్వంలో ధర్మరాజు చేత అనిపించాడు. అన్నదమ్ముల బిడ్డల మధ్య పెరిగిన పగకు ఆ మహాకవి ఎంచుకున్న పోలికలో కూడా ఉన్నది ఇల్లే.

తల్లిదండ్రులను విడిచిపెట్టడం ఈనాటి జబ్బు అన్నది రెండో మాట. "తల్లిదండ్రి మీద దయలేని పుత్రుండు పుట్టనేమి వాడు గిట్టనేమి" అన్న వేమన పద్యం బడిలో అందరం వల్లించాం. అలాంటి కొడుకులు లేని కాలంలో ఆ పద్యం ఎందుకు పుడుతుంది?

ఇక చలం కూల్చాడన్న మాట. చలం పుట్టింది 1894లో. గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి ప్రదర్శించింది 1892లో. 1897 నాటి అచ్చుప్రతి పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చాడు. విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల జాబితాను విజయనగరం మహారాజా తయారు చేయించాడు. మూడేళ్లలో తేలినవి 1,034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురికి కట్టిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. 'అమ్మా' అనడం కూడా సరిగా రాని పిల్లను తండ్రే వెల కట్టి ఇచ్చిన ఇళ్లవి. నాటకంలో పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువు. అయినా అగ్నిహోత్రావధానులు రెండో కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు ఇవ్వబోతే తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. పెద్దల మాటకు ఎదురు లేని ఇంట్లో ఒక తల్లికి మిగిలిన దారి అదొక్కటే.

చలం నవల 'మైదానం'లో రాజేశ్వరి భర్తను వదిలి వెళ్లిపోయిన మాట నిజం. ఆ నవలతో నాకూ పేచీలున్నాయి. కానీ 'బిడ్డల శిక్షణ' రాసి, పిల్లలను కొట్టకండి అని తల్లిదండ్రులను బతిమాలింది కూడా ఆ చలమే. కుటుంబం మీద పగబట్టినవాడు పిల్లల పెంపకం గురించి ఒక పుస్తకమంతా ఎందుకు రాస్తాడు?

సందేశంలో అసలు కనబడని ఇళ్లు కూడా ఉన్నాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ నవల 'మాలపల్లి'లో రామదాసుది పెద్దల మాట వినే ఇల్లే, ఆప్యాయతకు లోటు లేని ఇల్లే. అతని కొడుకు సంగదాసును భూస్వామి చౌదరయ్య కొట్టి చంపాడు. కాళీపట్నం రామారావు కథ 'యజ్ఞం'లో అప్పల్రాముడి అప్పు తరాల మీద పడుతుంది. తన బిడ్డ కూడా ఆ అప్పు కింద బానిస కాకూడదని అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన సొంత కొడుకును చంపుకుంటాడు. ఆ చివరి పేజీ చదివి నేను రెండు రోజులు మరో పుస్తకం ముట్టలేదు. ఆ ఇంటిని కూల్చింది రచయిత అని ఎవరైనా అనగలరా?

చివరి మాట, స్త్రీవాదులు ఆడవాళ్లను ఇల్లు వదలమన్నారన్నది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ చదవండి. ఇల్లు అలికి ముగ్గులు పెట్టడంలో మునిగిపోయిన ఇల్లాలు ఒకరోజు తన పేరు మరిచిపోతుంది. పిల్లలకు ఆమె అమ్మ, పనిమనిషికి అమ్మగారు, భర్తకు 'ఏమోయ్'. పేరు వెతుక్కుంటూ పుట్టింటికి వెళ్తుంది. పాత స్నేహితురాలు 'శారదా' అని పిలిస్తే గాని అది దొరకదు. దొరికాక ఆమె తిరిగి తన ఇంటికే వస్తుంది. ఇకనుంచి తనను పేరు పెట్టి పిలవమని భర్తకు చెబుతుంది.